తాగి విడిచిన నది

వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల్లో అనంత పద్మనాభస్వామి గుడి ఉంది. మూసీ పుట్టింది అక్కడేనని స్థలపురాణం చెబుతుంది. దేవతల పక్షాన పోరాడి అలిసిపోయిన ముచికుందుడు వరంగా నిద్రను కోరుకుని ఆ కొండగుహలో పడుకున్నాడట. నిద్ర చెడగొట్టినవాడు ఆయన చూపు సోకగానే బూడిద కావాలి. కాలయవనుడు వెంటపడితే కృష్ణుడు ఆ గుహలోకి దూరి, ముచికుందుడి మీద తన పైబట్ట కప్పి పక్కకు తప్పుకున్నాడు. పడుకున్నది కృష్ణుడే అనుకుని కాలయవనుడు కాలితో తన్నాడు, తన్ని బూడిదయ్యాడు. లేచి చూసిన ముచికుందుడికి ఎదురుగా స్వామి నిలబడి ఉన్నాడు. ఆయన పాదాలు కడిగిన నీళ్లే కొండ దిగి ముచికుందా నది అయ్యాయి. ఆ ముచికుందే మన మూసీ.

ఇంత గొప్ప పుట్టుక ఉన్న నది తెలంగాణలో మరొకటి లేదేమో. గోదావరి, కృష్ణ ఎక్కడో పుట్టి మన దగ్గరికి వచ్చినవి. మూసీ మాత్రం ఇక్కడే పుట్టి, ఇక్కడే సుమారు 240 కిలోమీటర్లు నడిచి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దారిలో లంగర్‌హౌజ్ దగ్గర ఈసీ నది వచ్చి చేరుతుంది. 1948లో గాంధీజీ చితాభస్మం కొంత కలిపింది ఆ సంగమంలోనే. అందుకే దానికి బాపూఘాట్ అని పేరు. ఇవాళ ఆ ఘాట్ మెట్ల మీద నిలబడితే చేయి దానంతటదే ముక్కు దగ్గరికి పోతుంది.

ఈ నది తన చేతలవల్ల చెడిపోలేదు. దాన్ని దిగజార్చినవాళ్లలో చెడ్డవాళ్లు తక్కువ, మంచి ఉద్దేశంతో పనిచేసినవాళ్లే ఎక్కువ. ఈ కథలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది అదే.

మూసీ ఏనాడూ జీవనది కాదు, వానలమీద బతికే నది. దాన్ని ఏడాదంతా బతికించినవి చెరువులు. నగరానికి ఎగువన మూసీ, ఈసీల పరీవాహకంలో 788 చెరువులున్నాయని గత శతాబ్దం మొదట్లో లెక్కతేలింది. అంటే దాదాపు చదరపు మైలుకో చెరువు. పై చెరువు నిండితే అలుగు దూకి కాలువలో పడుతుంది, ఆ కాలువ కింది చెరువు నింపుతుంది, అది నిండితే ఆ కిందిది. ఏ వానచుక్కా ఒక్క పరుగున నదిలోకి దూకేది కాదు, ఊరూరా ఆగి, పొలం తడిపి, బావుల్లోకి ఇంకి, మిగిలింది మెల్లగా దిగేది. ఏ తూము ఎప్పుడెత్తాలో, ఎవరి మడికి ఎంత వదలాలో చూసుకోవడానికి ఊరికో నీరటి ఉండేవాడు. వాన వెలిసిన నెలలకు కూడా నదిలో కాస్త తడి ఉండేదంటే ఆ ఏర్పాటు వల్లే.

హైదరాబాద్ ఊరు పుట్టకముందే ఇక్కడ నీటి ఏర్పాట్లు మొదలయ్యాయి. 1562లో కట్టిన హుస్సేన్‌సాగర్‌కు నీళ్లు మూసీ నుంచే కాలువ తవ్వి తెచ్చారు. గోల్కొండ కోటకు దుర్గం చెరువు తాగునీరిచ్చింది. ఆ తర్వాత 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా నది మీద తొలి వంతెన కట్టించాడు. కుర్ర యువరాజు ప్రేయసి కోసం పోటెత్తిన నదిలోకి గుర్రం దూకించాడనీ, భయపడ్డ తండ్రి వంతెన వేయించాడనీ కథ చెబుతారు. చరిత్రకారులు ఒప్పుకోకపోయినా హైదరాబాదీలు మాత్రం దాన్ని వదలరు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తవెర్నియే ఈ వంతెన అందాన్ని పారిస్‌లోని పాంట్ నెఫ్ పక్కన పెట్టి మెచ్చుకున్నాడు. అదే మన పురానాపూల్. ఇప్పుడు దాని మీద కూరగాయలమ్ముతారు. కింద ఏం పారుతోందో వంగి చూసేవాళ్లు తక్కువ.

1908 సెప్టెంబర్ ఆఖరు వారంలో వాన పట్టుకుంది. ఎగువన చెరువులన్నీ అప్పటికే నిండి ఉన్నాయి. ఒక కట్ట తెగింది. ఆ నీళ్లన్నీ కింది చెరువు మీద పడ్డాయి, అదీ తెగింది. శతాబ్దాలపాటు నదికి ఊపిరి పోసిన గొలుసే ఆ రాత్రి ఊరికి ఉరితాడైంది. 221 చెరువులు తెగిపోయాయి. సెప్టెంబర్ 28 తెల్లవారేసరికి నది అఫ్జల్‌గంజ్ బజార్లలో ఉంది. మూడు వంతెనలు పనికిరాకుండా పోయాయి. పురానాపూల్ దెబ్బతిన్నా నిలబడింది. సుమారు 15 వేల మంది చనిపోయారని, 19 వేల ఇళ్లు కూలాయని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్క రోజులో తల్లిని, భార్యను, కూతుర్ని పోగొట్టుకున్నాడు. ఆయన ఒక్కడూ బతికాడు.

ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. ఆ రోజు దాని కొమ్మలెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఏటా సెప్టెంబర్ 28న కొందరు ఆ చెట్టు కింద చేరి పోయినవాళ్లను తలుచుకుంటారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ నది ఒడ్డుకు వచ్చి, పండితులు చెప్పినట్టు మూసమ్మకు పూజచేసి చీరె, ముత్యాలు సమర్పించాడని పాతబస్తీలో నేటికీ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, అప్పటికి ఆ నదికి కోపం తెప్పించకూడదన్న భయమైనా ఉండేదని ఆ కథ చెబుతోంది.

మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన నిదానంగా తిరిగి, కొలిచి, లెక్కలు వేసి, నగరానికి ఎగువన రెండు నదుల మీదా రెండు పెద్ద జలాశయాలు కట్టమన్నాడు. వరదను అక్కడే పట్టి కొంచెం కొంచెంగా వదలాలి. మురుగు నదిలో పడకుండా నగరానికి భూగర్భ డ్రైనేజీ వేయాలన్నదీ ఆయన పథకంలోనే ఉంది. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో. గండిపేట ఊరి దగ్గర ఉంది కాబట్టి మొదటిదాన్ని జనం గండిపేట చెరువనే పిలిచారు. వరద ఆపడానికి కట్టిన ఆ రెండూ ఊరికి తాగునీరూ ఇచ్చాయి. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ విడిచిపోడని నానుడి పుట్టింది.

ఇంకో మంచి పనీ జరిగింది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి నది ఒడ్లకు రాతిగోడలు కట్టి, తోటలు వేసింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ, అసఫియా గ్రంథాలయం అన్నీ నదినంటుకునే లేచాయి. ఊరిని ముంచిన నదికి ఎదురుగానే ఊరు తన కొత్త ముఖం కట్టుకుంది. పగబట్టినవాళ్లు చేసే పని కాదది. ఆ పాత ఫొటోలు చూస్తే ఇప్పటికీ నాకు కాస్త ఈర్ష్యగా ఉంటుంది.

అయితే ఆనకట్ట కట్టిన రోజు నుంచి దిగువ మూసీకి ఒక షరతు పడింది. ఇకమీదట నదిలో ఎంత నీరుండాలో వాన కాదు, గేట్లు నిర్ణయిస్తాయి. ఊరు చిన్నగా ఉన్నంతకాలం ఆ షరతు బరువు తెలియలేదు. ఊరు పెరిగేకొద్దీ గేట్లు మూసే ఉన్నాయి. పైన పట్టిన ప్రతి చుక్కా పైపుల్లోకి వెళ్లింది. అదీ చాలలేదు. 1965లో మంజీర నుంచి నీళ్లొచ్చాయి, ఆ తర్వాత సింగూరు నుంచి. 2004లో కృష్ణ నీళ్లొచ్చాయి. 2015లో గోదావరిని ఎల్లంపల్లి దగ్గర తోడి 180 కిలోమీటర్లకు పైగా నడిపించుకొచ్చారు. ఒక్కో పథకం మొదలైనప్పుడల్లా కొబ్బరికాయలు కొట్టారు, హారతులిచ్చారు. దూరపు నీళ్లు నల్లాలో పడుతున్నకొద్దీ పక్కనున్న నీళ్లమీద ఊరికి ఆపేక్ష తగ్గింది. ఇంటిముందు కుంట ఎండినా నల్లా ఆగదు. ఇక కుంట ఎందుకు? ప్లాట్లు వేసుకోవచ్చు కదా.

వేసుకున్నారు. మాసబ్‌ట్యాంక్‌లో ట్యాంకు లేదు. ఎర్రమన్ను పోసి, గోడకట్టి, నంబరు వేసి అమ్మేశాక చెరువు హద్దులు చెప్పే శిఖం భూమి, ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అన్నవి ఆఫీసు ఫైళ్లలో మాటలైపోయాయి. అలుగు నుంచి అలుగుకు వెళ్లే కాలువల మీద ఇళ్లు లేచాయి, మిగిలినవి నాలాలయ్యాయి. కుంట మాయమైనా ఊట మాత్రం పోదనడానికి సాక్ష్యం అంబర్‌పేట బతుకమ్మ కుంట. దశాబ్దాల చెత్త, మట్టి కింద కప్పబడిపోయిన ఆ కుంటను 2025లో తవ్వితే కొన్ని అడుగుల్లోనే నీళ్లు ఉబికి వచ్చాయి. చూడ్డానికి జనం పోగయ్యారు. నీళ్లను చూడ్డానికి ఊరు పోగవడమేమిటని నవ్వొచ్చింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

చెరువులు ప్లాట్లవుతున్న కాలంలోనే పరిశ్రమలూ వచ్చాయి. సనత్‌నగర్, బాలానగర్, జీడిమెట్ల, కూకట్‌పల్లి. దేశానికి చవకగా మందులిచ్చిన ఫ్యాక్టరీలవి, వేలమందికి అన్నం పెట్టాయి. వాటి వ్యర్థాలు కూకట్‌పల్లి నాలాలో పడి హుస్సేన్‌సాగర్‌ను, అక్కడి నుంచి మూసీని చేరాయి. పటాన్‌చెరు కాలుష్యంతో అటు నక్కవాగు, మంజీర చెడుతున్నాయని గోల పుడితే, శుద్ధి చేశామన్న వ్యర్థజలాలను 18 కిలోమీటర్ల పైపులైను వేసి నగరపు మురుగుకాలువలో కలిపి మూసీ ఒడ్డునున్న అంబర్‌పేటకు పంపారు. ఒక నదిని కాపాడదామని ఇంకో నదికి ఇచ్చారు. మూసీ అప్పటికే పాడైంది కదా, ఇంకొంచెం అయితే ఏమైందన్న లెక్క. పతనమైనవాళ్లకు ఎప్పుడూ జరిగేదే ఇది.

2021 ప్రాంతంలో ప్రభుత్వ లెక్క ప్రకారం మహానగరంలో రోజుకు 195 కోట్ల లీటర్ల మురుగు తయారవుతోంది. అప్పటికున్న శుద్ధి కేంద్రాలు తట్టుకోగలిగింది సుమారు 77 కోట్ల లీటర్లు. కొత్తవి కట్టారు, కడుతున్నారు. ఇన్నేళ్లపాటు మిగిలిందంతా ఎటు పోయిందో అడగక్కర్లేదు. 2022లో 104 దేశాల్లోని 258 నదుల నీళ్లలో మందుల అవశేషాలను వెతికిన శాస్త్రవేత్తలకు బాగా చెడిపోయినవాటిలో మన మూసీ కూడా కనిపించింది.

ఈ అంకెల మధ్య ఒక విచిత్రం దాగి ఉంది. ఒకప్పుడు ఎండాకాలంలో సన్నబడిపోయిన మూసీ ఇప్పుడు ఏడాది పొడుగునా పారుతోంది. మే నెల ఎండల్లోనూ ఆగదు. కానీ అది అనంతగిరి నీరు కాదు. నాగార్జునసాగర్ నుంచి, ఎల్లంపల్లి నుంచి, సింగూరు నుంచి కోట్ల రూపాయల కరెంటు పోసి ఎత్తి తెచ్చిన నీళ్లు మన వంటింట్లోకి, బాత్రూముల్లోకి వెళ్లి, అక్కడి నుంచి దిగేవే. మూసీ పేరుతో పారుతున్నది మూసీ కాదు, మనం వాడిపడేసిన కృష్ణాగోదావరులు.

ఎగువన మిగిలిన కాస్త నీటినీ కాపాడదామని ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. 1996లో వచ్చిన 111 జీవో రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద కట్టడాలను నిషేధించింది. శంషాబాద్ దగ్గర పెద్దషాపూర్‌లో ఒక ఆముదపు ఉత్పత్తుల ఫ్యాక్టరీకి మినహాయింపు ఇవ్వబోతే వ్యవహారం సుప్రీంకోర్టుకెళ్లింది. జంటనగరాల తాగునీటిని పణంగా పెట్టే మినహాయింపు చెల్లదని 2000 డిసెంబర్‌లో కోర్టు తేల్చింది. దేశంలో పర్యావరణ చట్టం చదివేవాళ్లందరూ చదివే తీర్పు అది. ఆ 84 గ్రామాల రైతుల బాధ కూడా తీసిపారేయదగింది కాదు. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే, ఊరికి నీళ్లివ్వడానికి తమ భూమి మాత్రం ఎందుకు కదలకుండా ఉండాలని వాళ్లు అడిగారు. ఆ త్యాగానికి వాళ్లకు ఏమైనా కట్టివ్వాలని నగరానికి తోచలేదు. ఫామ్‌హౌసులు మాత్రం నిశ్శబ్దంగా లేచాయి. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69వ నంబరు జీవో ఇచ్చి ఆ ఆంక్షలు తీసేసింది. నగరానికి ఇప్పుడు ఆ జలాశయాల నీరు పెద్దగా అవసరం లేదన్నది చూపిన కారణాల్లో ఒకటి.

నగరం దాటాక మూసీ కథ ఎవరికీ పెద్దగా పట్టదు. పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, ఏదులాబాద్ వైపు వెళ్తే నది మీద అడ్డంగా పాత కత్వలు కనిపిస్తాయి. కత్వ అంటే నీటిని నిలిపి కాలువలకు మళ్లించే చిన్న ఆనకట్ట, ఆ కాలువల కిందనే చెరువులు, చెరువుల కింద పొలాలు. కత్వ మీంచి దూకే చోట నీళ్లు తెల్లటి నురగ కడతాయి. దూరం నుంచి చూస్తే దూది గుట్టలు పేర్చినట్టుంటుంది. గాలి గట్టిగా వీస్తే ఆ నురగ ముద్దలు లేచి గట్టు మీద పడతాయి. పిల్లలు మొదట వాటివెంట పరిగెడతారు, తర్వాత చేతులు గోక్కుంటారు.

అక్కడ వరి వేస్తే పైరు నల్లగా, ఏపుగా లేస్తుంది. చూసినవాడికి ఆశ పుడుతుంది. మురుగులో నత్రజని ఎక్కువ. దుబ్బు పెరుగుతుంది గానీ గింజ పట్టదు, పట్టినా పడిపోతుంది, కోసి తూర్పారబడితే తాలు ఎక్కువ. నగరానికి దగ్గరలో ఉన్న రైతులు చాలామంది వరి మానేసి పారాగడ్డికి మళ్లారు. దానికి మురుగు ఎంతైనా ఫరవాలేదు, కోసిన కొద్దీ లేస్తుంది. తెల్లవారుజామున ఆడవాళ్లు మోకాలిలోతు నల్లనీళ్లలో దిగి కొడవలితో గడ్డి కోస్తారు. కాళ్లకు దురదలు, గోళ్లచుట్టూ పుండ్లు. కొందరు ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని దిగుతారు, అవి కాసేపట్లోనే చిరిగిపోతాయి. మోపులు కట్టి ట్రాలీకి ఎత్తితే అవి నగరంలోని బర్రెల కొట్టాలకు వెళ్తాయి. ఆ బర్రెల పాలు మళ్లీ మన ఇళ్లకే. నది తనను తాగినవాళ్లను ఏదో ఒక దారిలో వెతుక్కుంటూ తిరిగి వస్తోంది.

పాపం, నదిని బాగుచేయాలని అనుకోని ప్రభుత్వం లేదు. నందనవనం అన్నారు. హైకోర్టు దగ్గర రబ్బరు డ్యామ్ వేసి నీళ్లు నిలుపుతామన్నారు. నిలిచింది మురుగే, దోమలు సంతోషించాయి. తర్వాత రివర్‌ఫ్రంట్ పేరుతో కార్పొరేషన్ పెట్టారు. 2024లో మూసానగర్, శంకర్‌నగర్ గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు పడ్డాయి. నదిగర్భంలో ఉన్నాయని గుర్తించిన ఇళ్లవి. ముప్పై నలభై ఏళ్లు కరెంటు బిల్లు కట్టినవాళ్లు సామాన్లు ఆటోల్లో వేసుకుని డబుల్ బెడ్రూం ఇళ్లకు వెళ్లారు. వాళ్లు అక్కడ ఉండకూడదన్న మాట నిజమే. కానీ నది మధ్యలో 1994 నుంచి మన ఇమ్లీబన్ బస్‌స్టేషన్ కూడా ఉంది. 2025 సెప్టెంబర్ 26 రాత్రి, సరిగ్గా 1908 వరద తేదీకి రెండు రోజుల ముందు, జలాశయాల గేట్లెత్తితే నది వచ్చి ఆ బస్‌స్టేషన్‌లో నిలబడింది. ప్రయాణికులను తాళ్లు పట్టించి బయటికి తీశారు. గేట్లు మూసి ఉన్నన్నాళ్లు నది ఒడ్డు ఎక్కడో మనం మరచిపోతాం, నది మరచిపోదు.

అదే సెప్టెంబర్‌లో గండిపేట దగ్గర కొత్త పథకానికి శంకుస్థాపన జరిగింది. మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీల గోదావరి నీటిని తేవాలి, అందులో రెండున్నర టీఎంసీలు మూసీని బతికించడానికి జంట జలాశయాల్లోకి వదలాలి. 788 చెరువుల నది ఇది. దాని సొంత జలాశయం దగ్గర, దానికి నీళ్లు పోయడానికి ఎంతో దూరపు నదిని మొక్కుకుంటున్నాం. వద్దని నేననను. రోగికి రక్తం ఎక్కించాల్సి వస్తే ఎవరు వద్దంటారు? కాకపోతే అటు ఎగువన చెరువుల కాలువలు తవ్వి వానను దారిలో పెట్టే పని ఇంత ఖర్చుతో, ఇంత హడావుడితో ఎప్పుడూ జరగలేదే అని మాత్రం అనిపిస్తుంది.

ఇక నది తన దారిన తాను వెళ్తుంది. భువనగిరి పొలాల పక్కగా, సూర్యాపేట దగ్గర సోలిపేట ప్రాజెక్టు మీదుగా, కొంత నురగ వదిలించుకుని, కొంత విషం మట్టికిచ్చి, వాడపల్లి చేరుతుంది. అగస్త్యేశ్వరుడి గుడి పక్కన అక్కడ కృష్ణ ఎదురవుతుంది. పుష్కరాలకు వచ్చినవాళ్లు ఆ సంగమం దగ్గర మునకేస్తారు. నాగార్జునసాగర్ నుంచి హైదరాబాద్ తోడుకున్న కృష్ణ నీరు, సాగర్‌కు దిగువన వాడపల్లి దగ్గర మూసీ పేరుతో తిరిగి కృష్ణలో పడుతుంది. అక్కడి నుంచి పులిచింతల, పులిచింతల నుంచి ప్రకాశం బ్యారేజీ. బ్యారేజీ దగ్గర విజయవాడ తన మోటార్లు వేస్తుంది.